గోళ్ల సందుల్లో చపాతీ పిండి

2019 మార్చి. న్యూజీలాండ్, సౌత్ ఆక్లండ్‌లో ఒక పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో నేను నర్సుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు జరిగి వారం కూడా కాలేదు. మా గేటు దగ్గర పోలీసులు తుపాకులతో నిలబడ్డారు. ఈ దేశంలో పోలీసు చేతిలో తుపాకి చూడటం నాకు అదే మొదటిసారి. బస్సులో పక్కన కూర్చున్న తెల్లావిడ నా చెయ్యి పట్టుకుని సారీ చెప్పింది. నేను తెనాలి హిందువునని చెప్పి ఆమె మంచితనాన్ని పాడుచెయ్యడం ఎందుకని థాంక్యూ అన్నాను.

ఆ రోజు ట్రయాజ్ డ్యూటీ నాది. అంటే వచ్చినవాళ్లలో ఎవర్ని ముందు చూడాలో, ఎవరు కాసేపు ఆగగలరో తేల్చే పని. మధ్యాహ్నం దగ్గర్లోని పాపటోయిటోయి పేట నుంచి ఒక జంట వచ్చింది. ఆమెను లావణ్య అందాం, పేరూ కొన్ని ఆనవాళ్లూ మార్చాను. వరంగల్ అమ్మాయి, ముప్పై లోపే ఉంటాయి. ఎడమచేతిని కుడిచేత్తో పొదివి పట్టుకుని ఉంది. మాట్లాడింది మాత్రం భర్తే. బస్టాప్‌లో ఎవడో మీ దేశానికి పొమ్మని తిట్టి తోసేశాడనీ, ఈమె చేతిమీద పడిందనీ చెప్పాడు.

విన్నవాళ్లంతా కదిలిపోయారు. వెయిటింగ్ రూములో ఈ దేశపు మూలవాసి, ఒక మావోరీ పెద్దాయన లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు. గేటు దగ్గరి పోలీసాయన నోట్‌బుక్ తెరిచి, భర్త భుజం మీద చెయ్యి వేసి, దేశం తరఫున క్షమాపణ అడిగాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? “కంగారు పడకండి అన్నయ్యా, నేను చూసుకుంటాను” అని ఆయనకి కాఫీ కూడా తెచ్చిచ్చాను.

మా పనిలో ఒక నియమం ఉంది. పదహారేళ్లు దాటిన ఆడమనిషి ఎవరొచ్చినా, జ్వరంతో వచ్చినా సరే, పక్కన ఎవరూ లేనప్పుడు ఒక ప్రశ్న అడగాలి. ఇంట్లో నిన్నెవరైనా కొడుతున్నారా, ఎవరంటేనైనా భయంగా ఉందా అని. దీన్ని రొటీన్ ఎంక్వైరీ అంటాం. ఆ పూట నేను అడగలేదు. కొట్టినవాడెవడో తెలిసిపోయాక ఇంకా అడిగేదేముంది అనుకున్నాను. పైగా మనవాళ్లాయె. అన్నయ్యా అని పిలిచిన మనిషిని బయటికి పంపి, ఆయన భార్యను ఆ మాట అడగాలంటే మొహమాటం అడ్డొచ్చింది. ఏ సమోవా దీవుల ఆవిడో వచ్చి ఉంటే నిమిషంలో అడిగేసేదాన్ని. తప్పు నాదే, ఇంకొకరి మీదికి నెట్టను.

చెయ్యి వాచేలోపు ఉంగరం తీసెయ్యాలి. సబ్బు రాసి లాగుతుంటే ఆమె గోళ్ల సందుల్లో ఆరిపోయిన చపాతీ పిండి కనిపించింది. పిండి కలిపిన చేతులు కడుక్కోకుండా ఎవరైనా బస్టాప్‌కి వెళ్తారా? ఇది మా పెద్ద డాక్టర్లకి తట్టే సంగతి కాదు. రోజూ చపాతీలు చేసుకునే దాన్ని కాబట్టి నాకు తట్టింది.

ఎక్స్‌రే గదిలోకి రోగి ఒక్కరినే పంపుతారు. ఆ నియమానికి మనసులో దండం పెట్టుకుని, భర్తను బయట కూర్చోబెట్టి, ఆమెను నేనే నడిపించుకెళ్లాను. చేతిమీద పడితే మామూలుగా మణికట్టు దగ్గర విరుగుతుంది. ఎక్స్‌రేలో చూస్తే ఈమెకి మణికట్టుకీ మోచేతికీ నడుమ విరిగింది. తలమీదికి వచ్చే దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టినవాళ్లకి ఎక్కువగా అక్కడే విరుగుతుంది.

తలుపు వేసి, మొదటే అడగాల్సిన ప్రశ్న అప్పుడడిగాను.

“అక్కడ మసీదులల్ల అంతమంది సచ్చిపోయిన్రక్కా. నాదేముంది? చపాతీ కర్రతోని ఒక్క దెబ్బ.”

నా ప్రాణం ఉసూరుమంది. ఊరుఊరంతా మనవాళ్ల మీద జాలి చూపిస్తుంటే, కొట్టింది బయటివాడు కాదు, మనవాడేనని చెప్పి అందరి పరువూ ఎలా తియ్యాలన్నది ఆమె బాధ. మొదటి దెబ్బ కూడా కాదట అది. ఇంటిగుట్టు లంకకు చేటని వాళ్లమ్మ ఫోన్లో ఎప్పుడూ హెచ్చరిస్తుందట.

“చేటు లంకకొచ్చింది కానీ, అందులో బందీగా ఉన్న మనిషికి రాలేదుగా తల్లీ. ఆమె బయటపడింది” అన్నాను.

నవ్వబోయి ఏడ్చేసింది. అక్కడ పోయినవాళ్ల కోసం నేనూ ఏడ్చానని, అంతమాత్రాన ఆమె ఎముక విరగనట్టు కాదని చెప్పాను. ఆమె ఒప్పుకుంటే పోలీసాయనకి నిజం చెప్తానని, అంతదాకా ఆమె భర్తను లోపలికి రానివ్వబోమని కూడా చెప్పాను.

కళ్లు తుడుచుకుంది. “నువ్వు చెప్పకక్కా. నేనే చెప్త.”

చెప్పింది. పోలీసాయన ఎదురుగా కూర్చుని, ఇంగ్లిష్‌లో, ఎక్కడా తడబడకుండా మొత్తం చెప్పింది. ఆయన పాత పేజీ కొట్టేసి కొత్త పేజీ మొదలుపెట్టాడు. నేను మా పై నర్సు దగ్గరికెళ్లి, అడగాల్సింది అడగకుండా వదిలేశానని ఒప్పుకుని, అదీ కేసు కాగితాల్లో రాశాను. సాయంత్రానికి సోషల్ వర్కర్ వచ్చి లావణ్యను వేరే తలుపు గుండా, ఇలాంటి ఆడవాళ్లకి రహస్యంగా ఆశ్రయమిచ్చే సేఫ్ హౌస్‌కి తీసుకెళ్లింది. భర్తను పోలీసులు తీసుకెళ్లారు. నేనిచ్చిన కాఫీ కప్పు కుర్చీ కింద అలాగే ఉంది.

ఆ రోజుల్లో మనవాళ్లని వీధిలో తిట్టినవాళ్లూ తోసినవాళ్లూ లేకపోలేదు. అలాంటి దెబ్బలకీ నేను కట్లు కట్టాను. కానీ ఒక ఘోరం జరిగాక ప్రతి దెబ్బలోనూ ఆ ఘోరాన్నే చూస్తాం, మిగతావి మామూలు గొడవల్లా కనిపిస్తాయి. తగిలినవాళ్లకే తమ దెబ్బ చిన్నదనిపిస్తుంది. కథ నాకు ముందే తెలుసనిపించిన చోట ఆగి మళ్లీ అడగాలని ఆ అమ్మాయి దగ్గరే నేర్చుకున్నాను.

పోయినేడు లావణ్య మా దగ్గరికి మళ్లీ వచ్చింది. వంకాయలు కోస్తుంటే వేలు తెగిందట. ఎయిర్‌పోర్ట్ దగ్గర వేర్‌హౌస్‌లో ఇప్పుడు సూపర్‌వైజర్, తన ఫ్లాట్‌లో తనే ఉంటోంది. కబుర్లు చెప్పుకుంటూ కట్టు కట్టి, ఇక వెళ్లిరా అన్నాను. లేవలేదు.

“అక్కా, గా ప్రశ్న ఇంకా అడుగలే నువ్వు.”

సిగ్గుపడి, కర్టెన్ లాగి, అందరినీ అడిగినట్టే అక్షరం పొల్లుపోకుండా అడిగాను.

“లేదు. ఎవ్వరంటే భయం లేదు. రాసుకో.”

రాసుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ‘లేదు’ అన్న మాటను అంత గర్వంగా ఎప్పుడూ రాయలేదు.