ఇంటి యజమాని అనే గడి

నేను చేసిన బుద్ధిలేని పనులన్నిటినీ వరసలో నిలబెడితే అందరికంటే ముందు నిలబడేది ఒక గీత. ఒక పేర్ల పుస్తకంలో స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో, చాలా తిన్నగా గీశాను. ఆ పుస్తకంలో నా బుద్ధి తప్ప అన్నీ తిన్నగానే ఉండేవి.

అరవై తొమ్మిది నాటి మాట. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ గొడవల మూలాన హైదరాబాదులో బడులు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. నేను కోస్తా నుంచి వచ్చి ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, చిక్కడపల్లిలో మేడమీద గది తీసుకున్నాను. అద్దె అంటే నవ్వుతున్నారని కిరాయి అనడం నేర్చుకున్నాను. ఇంటావిడ భర్త పోయిన మనిషి. బర్కత్‌పురలో చిన్నపిల్లలకు చదువు చెప్పేది. నేను "అక్కగారూ" అంటే, "అక్క అంటె సాలు. గారు ఎందుకయ్యా, గారెలు పెడ్తవా ఏంది?" అనేది.

వానాకాలం చివర్లో వారం రోజులు వాన విడవకుండా కొట్టింది. అశోక్‌నగర్ నాలా పొంగింది. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గరి గుడిసెల మట్టిగోడలు బెల్లం కరిగినట్టు కరిగిపోయాయి. జనాన్ని నారాయణగూడలో మూతపడి ఉన్న ఒక బడిలోకి చేర్చారు. మా వీధి పెద్దలు తొమ్మిదిమంది కలిసి సహాయసంఘం పెట్టారు. అధ్యక్షులు రిటైరైన ఆఫీసరు. నా దస్తూరి బాగుంటుందని పేర్లు రాసే పని నాకు అప్పగించారు. దస్తూరి బాగున్నవాడికి బుద్ధి కూడా బాగుంటుందని లోకానికి ఒక భ్రమ. నాకూ ఉండేది.

పుస్తకంలో గడులు గీశాను. మొదటి గడి: ఇంటి యజమాని పేరు. రెండోది: ఆశ్రితులు. నెలనెలా ఒక ఆడమనిషి చేతిలో కిరాయి పెడుతూ, ఆవిడ కప్పు కింద నిద్రపోతూ, ఇంటి యజమాని అంటే మగవాడేనని నిశ్చయంగా రాసుకున్నాను.

మగవాళ్లు కూలిపనులు వెతుక్కుంటూ వెళ్లారు. వరసలో అంతా ఆడవాళ్లే. యజమాని పేరు అడిగితే ఒక్కరూ చెప్పరు. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనకామెను చూస్తారు. ముందామె మొగుడి పేరు వెనకామె చెబుతుంది. తన వంతు వచ్చాక తన వెనకామె కేసి చూస్తుంది. అలా వరస చకచకా సాగిపోయింది. ఆ ఉపాయం నాదే అయినట్టు మురిసిపోయాను.

ఒకామె మాత్రం వెనక్కి చూడలేదు. ఇటుకలు మోసే కూలీ. చంకలో చంటిది, కొంగు పట్టుకుని ఏడేళ్ల కూతురు.

"నా పేరు రాసుకో సారూ" అంది.

"నీ పేరు రెండో గడిలో వస్తుందమ్మా. ముందు యజమాని పేరు కావాలి" అన్నాను ఎంతో ఓపిగ్గా.

ఒకప్పుడు వాళ్ల పొరుగునే ఉన్న వెనకామె, పాపం, సాయం చేద్దామనే ఒక పేరు చెప్పింది. ఇటుకల మనిషి ఏదో అనబోయింది. నేను రాసేసి "తర్వాత" అన్నాను.

రోజూ పొద్దున మైకులో యజమానుల పేర్లు పిలిచి బియ్యం, పప్పు ఇచ్చేవాళ్లం. యజమాని పనికి పోయాడంటే భార్య వేలిముద్ర తీసుకునేవాళ్లం. పిలిచే గొంతు కూడా నాదే. నారాయణగూడ చౌరస్తా దాకా వినిపిస్తోందని ఎవరో అంటే పొంగిపోయాను, నాలాకు పోటీగా.

నాలుగోనాడు ఆ పేరు పిలవగానే ఒక మగవాడు లేచి వచ్చాడు. దువ్విన తల, తడవని చొక్కా. ఆ బడి మొత్తానికి తడవని చొక్కా అదొక్కటే. వేలిముద్ర వేసి, బియ్యం, పప్పు, అప్పుడే పంచుతున్న దుప్పట్లు రెండు పట్టుకుని, ఆమెకూ పిల్లలకూ ఇచ్చిన గదిమూలలో చాప పరుచుకుని పడుకున్నాడు.

ఆమె పిల్లలతో గేటు దగ్గర తడుస్తూ నిలబడి ఉంది.

"లోపలికి వెళ్లమ్మా, మీ ఆయన వచ్చాడుగా" అన్నాను సంతోషంగా.

ఆమె మోచెయ్యి ముందుకు చాపింది. విరిగి, వంకరగా అతుక్కున్న ఎముక.

"ఏడాది కింద ఇడిసిపెట్టి వచ్చిన సారూ. ముషీరాబాద్ల ఉంటడు. నేను ఏడున్ననో ఆయనకు ఎరుక లేకుండె. ఆ పేరు నా నోట రానియ్యలె. నువ్వు దినాం మైకుల పిలిస్తివి. పిలిస్తె రాడా?"

అధ్యక్షులవారి దగ్గరికి పరుగెత్తాను.

"పుస్తకంలో యజమాని ఎవరయ్యా?"

"అతనేనండీ."

"మరింకేం? ఆలుమగల మధ్య మనం దూరకూడదు. ఇది సహాయసంఘం, సంసారసంఘం కాదు."

మర్నాడు పొద్దున అతను ఆ మూలలోనే ఉన్నాడు. తల్లీపిల్లలు లేరు.

ఇంటికొచ్చి అక్కతో చెప్పాను. ఆవిడ చేతిలో సుద్దముక్క పక్కన పెట్టింది.

"తొమ్మిదిమంది మొగోళ్లు కూసొని సంఘం పెడ్తిరి. ఆడోళ్ల పాయఖానకు తలుపు లేదని ఒక్కనికన్న తట్టిందా? తెల్లారకముందె లేసి ఒకరికొకరు కావలుండి పోతున్నరు. జర గోనెపట్ట కట్టనీకి గూడ రూలు గావాల్నా?" అని, గొడుగు అందుకుంటూ, "ఈ ఇంటికి యజమాని ఎవరయ్యా?" అంది.

"మీరే అక్కా."

"ఎన్నడన్న నా మొగని పేరు అడిగినవా?"

ఇద్దరం లోయర్ ట్యాంక్ బండ్ దాకా బురదలో నడిచాం. కూలిన గుడిసె మీద, తడిసిన తాటాకు చాప కప్పుకుని దొరికింది ఆమె. చుట్టూ మోకాలి లోతు నీళ్లు. పెద్దపిల్ల ఒళ్లు కాలిపోతోంది.

"ఆ గదిల ఆయనుంటె నేను రాను" అంది ఆమె.

"ఆ గదికి ఎవరు రమ్మన్నరు? మా వరండల ఆయన లేడు, నడువు" అంది అక్క. పిల్లను నా భుజానికెత్తింది. ఆ వేడి నా చొక్కాలోంచి ఎముకకు తగిలింది.

ఆ రోజంతా కూర్చుని పుస్తకం మళ్లీ రాశాను. "మొదటి గడిలో ఏం పెట్టమంటారక్కా?" అంటే, "పొయ్యి ఎవరు ముట్టిస్తరో వాళ్ల పేరు పెట్టు" అంది. బడికి వెళ్లి ఒక్కొక్కరినే అడిగాను. ఒకచోట అవ్వ, ఒకచోట పెళ్లికాని పిల్ల, ఒకచోట చూపులేని అక్కకు వండిపెట్టే ముసలాయన.

మర్నాడు మైకులో ఆ పేర్లు పిలిచాను. ఆడవాళ్లు చాలామంది లేవలేదు. పెళ్లయ్యాక వాళ్లు ఫలానావాడి పెండ్లాం, ఫలానాదాని తల్లి. సొంత పేరు గట్టిగా వినబడేసరికి ఎవరినో అనుకుని చుట్టూ చూశారు. రెండోసారి పిలిస్తే ఒక అవ్వ, "అగో, నేనే గద!" అని నవ్వుతూ లేచింది.

తడవని చొక్కావాడు వచ్చి మేజా మీద కొట్టాడు. "నా పేరేది?"

"నీ పొయ్యి ఎక్కడ ముట్టించావు?" అన్నాను. గొంతు వణికింది, మైకు దాన్ని చౌరస్తా దాకా చాటింది. వరస నవ్వింది. వాడు నా మొహం గుర్తు పెట్టుకుంటానని చెప్పి, దుప్పట్లతో సహా వెళ్లిపోయాడు. అధ్యక్షులు మండిపడ్డారు కానీ, మళ్లీ పాతపద్ధతిలో రాయడానికి తొమ్మిదిమందిలో గడి గీయగలవాడు లేడు.

పిల్లకు జ్వరం తగ్గింది. కార్తీకం దాకా వరండాలో ఉండి, ఆమె ఇంకెక్కడికో పనికి వెళ్లిపోయింది. ఏ వీధికో అక్కకు మాత్రమే చెప్పింది, నాకు చెప్పలేదు. తప్పు ఆమెది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా మైకులో పేర్లు చదువుతుంటే, ఆ పేరు ఎవరి చెవిన పడుతోందోనని చుట్టూ చూస్తాను.

చివరికి సర్కారుకు నివేదిక పంపాల్సి వచ్చింది. "సంఘసభ్యుల వివరాలు కూడా అదే పద్ధతిలో, మొదటి పేజీలోనే వెయ్యి" అన్నారు అధ్యక్షులు. అదే పద్ధతి అన్నారు కాబట్టి అశోక్‌నగర్‌లో వారింటికి, వారు లేనప్పుడు వెళ్లాను. వారి భార్య పిండి చేతులతో బయటికొచ్చింది.

"మీ ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తారండీ?"

"ఇంకెవరు నాయనా?" అంటూ, పెట్టె అడుగున దాచిన చీర తీసినట్టు, నెమ్మదిగా తన పేరు చెప్పింది.

"ఆశ్రితులు?"

"మావారు ఒక్కరే."

"వారి పేరు?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. ఆ పేరు నాకు బాగా తెలుసు. అయినా నేను అందించలేదు.

మర్నాడు అధ్యక్షులవారు నివేదిక చేతిలోకి తీసుకుని, "ముత్యాల్లాంటి దస్తూరి!" అని మెచ్చుకుని, చదవకుండా సంతకం పెట్టారు. మొదటి గడిలో ఆవిడ పేరు ఉంది. రెండో గడిలో: భర్త, ఒకరు.