కాలనీ నుంచి వచ్చిన జ్ఞాని

టీవీ వాళ్లు సినిమా సంగతుల్లో తప్పు చేస్తే నాకేం పట్టదు. బైబిలు పేరు చెప్పి తప్పు చేస్తే మాత్రం ఊరుకోలేను. నేను బడికి పోయినవాణ్ణి కాను. ఉప్పుమడుల్లో పనిచేస్తూ, మా అమ్మ బైబిల్లోనే అక్షరాలు కూడబలుక్కున్నాను. అందులో ఏముందో, ఏం లేదో నాకు తెలుసు.

మొన్న నవంబరులో మా తమ్ముడి కూతురు టీవీ క్విజ్‌కు వెళ్లింది. మైపాడు దగ్గర మా పాళెంలో సండే స్కూలు చెప్పేదీ, క్రిస్మస్ నాటకం ఆడించేదీ ఆమే. బైబిలు ప్రకారం బాలయేసును చూడడానికి తూర్పు నుంచి ఎంతమంది జ్ఞానులు వచ్చారని అడిగి, నాలుగు అంకెలు చూపించారు.

"ఎంతమందో రాయలేదండీ" అన్నది ఆమె నిదానంగా.

యాంకరు నవ్వి, సరైన జవాబు మూడు అన్నాడు. మూడు కానుకలే గానీ ముగ్గురు మనుషులని ఎక్కడుంది? వెంటనే ఆ చానెల్‌కు ఫోన్ చేశాను. పాట వినిపించారు, మనిషి పలకలేదు.

టీవీ కంటే మావాళ్లే నన్ను ఎక్కువ మండించారు. మా పాళెంలో మూడు వీధులు. నాటకంలో వీధికొక జ్ఞాని, అది తాతల నాటి వంతు. తూర్పు వీధిది బంగారం, నడిమి వీధిది సాంబ్రాణి, చర్చి వీధిది బోళమనే పరిమళపు బంక. పుట్టినప్పటి నుంచి ముగ్గుర్నే చూసినవాళ్లకు ఇంకో మాట తలకెక్కుతుందా? ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఆమెను అందరి ముందే నిలదీశాడు.

"చర్చి బీరువాలో జ్ఞానుల కిరీటాలు మూడూ సర్దేది నువ్వే కదమ్మా. టీవీలో మన పరువు తీసినావే."

ఆమె బీరువా తాళాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. ఇక నాటకం ఆడించనని ఇంట్లో చెప్పింది.

మరుసటి ఆదివారం నేనే లేచి, మత్తయి రెండో అధ్యాయం చదవమని పాస్టరు గారిని అడిగాను. చదివారు. అంకె రాలేదు. పెద్దలు మళ్లీ చదివించారు. మళ్లీ రాలేదు. అప్పుడు వెనక వరుసలోంచి, సునామీ తర్వాత కట్టిన కాలనీలో ఉండే చేపలమ్మే ఆవిడ లేచింది. కాలనీ ఏ వీధి లెక్కలోకీ రాదని ఇన్నేళ్లూ వాళ్లకు గొర్రెల వేషాలే ఇచ్చారు.

"అయితే అన్నా, మా కాలనీకి జ్ఞాని వద్దన్నది దేవుడు కాదు, మీరు."

సంఘపెద్ద బల్లమీది తాళాలు ఆవిడ వైపు జరిపాడు. ఆవిడే తాళాలు తీసుకొని మా తమ్ముడింటికి నడిచింది, నేను వెనకాలే వెళ్లాను. తన మొగుడి తల పెద్దదనీ, నాలుగో కిరీటానికి అట్ట ఎక్కువ పడుతుందనీ చెప్పి, తాళాలు మా అమ్మాయి చేతిలో పెట్టింది. అమ్మాయి నవ్వింది, కొలత తీసుకోవడానికి టేపు తెచ్చింది.

నాటకంలో నాలుగో జ్ఞాని చేతులు జోడించుకొని వచ్చాడు. ఒట్టి చేతులేమని అడిగితే, "కానుకలు మూడేనని రాసుంది కద పెదనాయనా" అన్నది మా అమ్మాయి.

నిజానికి జ్ఞానులు వచ్చింది మా నాటకంలో చూపినట్టు పశువుల పాకకు కాదు, ఇంటికి. అదీ అదే అధ్యాయంలో ఉంది. కానీ తాళాలు ఇప్పుడే ఆమె చేతికి తిరిగొచ్చాయి. పాక సంగతి వచ్చే ఏడు చెబుతాను.