మెదడు పాఠం, మచ్చల తాండ్ర

ఆ రోజుల్లో నేను చదివింది నలుగురికీ చెప్పకపోతే నాకు అన్నం సహించేది కాదు. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు, నూజివీడు లైబ్రరీలో ఫ్యాన్ కింది కుర్చీ మాత్రం నాదైంది. (ఫ్యాన్ తిరిగేదా అన్నది వేరే సంగతి.) ఆ ఎండాకాలం నా తలకెక్కింది మెదడు. ఆలోచన మోసే నాడీకణాల పక్కనే వాటికి తిండి అందించి, చెత్త ఎత్తే సహాయక కణాలుంటాయనీ, అవి అన్నిచోట్లా ఒకటి కావనీ చదివి పులకించిపోయాను. మెదడు పైపొరలో పొదల్లా గుబురుగా ఉండేవి, చిన్నమెదడులో నిలువుగా బారులు సాగుతాయట. ఎక్కడి పనికి తగ్గట్టు అక్కడి తీరు!

చాట్రాయి దగ్గర మామయ్య మామిడితోటలో పొద్దున్నే ఈ పాఠం అందరికీ వినిపించాను. మామయ్య ఓపిగ్గా విని, లారీ మాట్లాడడానికి హనుమాన్ జంక్షన్ బయల్దేరుతూ, "కాస్త చూస్తుండరా. ఈ లోడు నచ్చితేనే షావుకారు మిగతా తోట తీసుకుంటానన్నాడు" అన్నాడు. కోసేవాళ్లు గెడలకి కట్టిన చిక్కాలతో చెట్ల దగ్గరున్నారు. నీడలో ఆడవాళ్లు కాయల తొడిమలు తుంచి, బోర్లించి, ఊరికే కూర్చున్నారు.

"కూర్చున్నారేంటండీ?"

"సొన కారాలి కదా బాబూ."

"దారిలో కారుతుందిలెండి! మీరెళ్లి కొయ్యండి, వాళ్లొచ్చి ట్రేల్లో సర్దుతారు. ఎవరైతే ఏంటి, అందరూ సాయం చేసేవాళ్లేగా!"

(పొద్దున పాఠం చెప్పిన నోరూ ఇదే.)

మర్నాడు షావుకారు ట్రే తెరిస్తే కాయకాయకీ నల్లటి సొన మచ్చలు. లోడు వెనక్కొచ్చింది, మిగతా తోట బేరం పోయింది. మామయ్య ఒక్కో ట్రే తనే దింపుకున్నాడు. చెంపమీద కొట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు. ఆ వేసవంతా ఆయన తోటలో మిగిలిన కాయలు ఆటోలో వేసుకుని సంతలు తిరుగుతుంటే, నేను వెనక కూర్చుని ట్రేలు పట్టుకునేవాణ్ణి.

అత్తయ్యే అడిగేసింది. "ఏరా, తలకాయలో ఎవరి పని వాళ్లదేనంటివి. తోటకొచ్చేసరికి అందరూ ఒకటేనా?" ఆ మచ్చల కాయలన్నీ పండాక తాండ్ర పోసింది. భోజనానికి కూర్చున్నప్పుడల్లా నా విస్తట్లో పెద్ద ముక్క పడేది. "తిను నాన్నా, మెదడుకి మంచిది."

ఇప్పటికీ ఏటా తాండ్ర పంపుతుంది. మొన్న లైబ్రరీలో మెదడు గురించి కొత్త సంగతొకటి చదివి, పక్కాయనకి చెబుదామని నోరు తెరవబోయాను. పళ్లకి తాండ్ర అంటుకుపోయి మాట రాలేదు. అత్తయ్య ఇందుకే పంపుతుందేమో అనుకుని, ఆ కుర్చీలో ఒకప్పుడు కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుని, నెమ్మదిగా నములుతూ ఉండిపోయాను.