బోర్డు కొనని దుకాణం

చదువు లేని ఆడదానికి వ్యాపారం చేతకాదని ఊరంతా నమ్మిన రోజులవి. నాకు అక్షరం ముక్క రాదు, మొండితనం మాత్రం పుట్టుకతోనే వచ్చింది. నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర బురదనీళ్లలో నిలబడి చేసే పని మానేసి, తాండూరు బస్టాండు ఎదురుగా చాయ్ దుకాణం పెట్టాను. నడవకపోతే మళ్ళీ ఆ బురదలోకే పోవాలి. చేతిలో మిగిలిన డబ్బు ఒక్కదానికే వస్తుంది: లైట్లు వెలిగే బోర్డుకో, గిరాకీలు కూర్చోవడానికి నున్నటి బండ అరుగుకో. మా ఆయన అక్క, అంటే మా వదిన, బోర్డు అంది. నేను అరుగు వేయించాను.

"బోర్డు లేని దుకాన్‌కు ఎవలొస్తరే?" అంది వదిన.

"బోర్డు చదివెటోళ్లు చదివి పోతరు వదినా. కూసున్నోళ్లే చాయ్ తాగుతరు," అన్నాను. (చదవడం రానిదాన్ని, బోర్డును తీసిపారేయడం నాకు సులువే.)

కూర్చున్నారు. వికారాబాద్ బస్సు కోసం, పరిగి బస్సు కోసం వచ్చినవాళ్లూ, ఏ బస్సూ అక్కర్లేనివాళ్లూ కూర్చున్నారు. కానీ ఒకసారి తాగినవాడు రెండోసారి అడగలేదు. ఒక ముసలి చాచా అయితే మొదటిరోజు ఒక్క గుక్క తాగి, ఆ తర్వాత రోజూ వచ్చి ఉత్తగా కూర్చునేవాడు. "గా ముసలాయన్ను లేపు, అరుగు అరిగిపోతది," అని వదిన ఎత్తిపొడిచింది. నాకు పౌరుషం వచ్చింది. లేపకుండా, పోయి అడిగాను.

"చాచా, రోజు కూసుంటవు, చాయ్ ఎందుకు తాగవు?"

"క్యా బోల్నా బేటీ, అది చాయ్ కాదు, షర్బత్. చంచా పెడితే నిలబడ్తది."

"మరి ఇన్ని దినాలు చెప్పకపోతివి?"

"నువ్వడిగినవా?"

అరుగు మీదున్నవాళ్లంతా తలలూపారు. (గుప్పెళ్లతో చక్కెర పోయడమే మర్యాద అనుకున్న తెలివి నాది.) ఆ రోజు నుంచి చక్కెర ఖర్చు సగమైంది, నా నోరు రెట్టింపైంది. ఎవరికి అల్లం కావాలో, ఎవరికి చక్కెర వద్దో, ఎవరి కోడలికి నెలలు నిండాయో అన్నీ అడిగి గుర్తుపెట్టుకున్నాను. రాసుకోవడం రాదు కదా! ఆ వానాకాలం దాటేసరికి అరుగు మీద చోటు దొరకడమే కష్టమైంది. ఒకరోజు వదిన కూడా బస్సు కోసం వచ్చి కూర్చుంది. "చక్కెర ఎంతెయ్యాలె వదినా?" అని అడిగాను. రెండు కప్పులు తాగింది.

యాభై దాటాక మహిళా సంఘంలో అక్షరాలు నేర్చుకున్నాను. "ఇప్పుడన్న బోర్డు పెట్టవే," అంటుంది వదిన. పెట్టను. రోజూ పొద్దున సుద్దముక్కతో అరుగు మీదే 'కూర్చోండి' అని రాస్తాను. కాసేపటికే అది ఎవరి లాగుకో అంటుకుని పరిగి బస్సెక్కిపోతుంది. ఏ బోర్డు అంత దూరం పోతుంది? ఆనాటి మొండిదాన్ని తలుచుకుని నవ్వుకుంటాను, మర్నాడు మళ్ళీ రాస్తాను.