చాప వదలని తాండ్ర

మొన్న మా ఆయన బజారు నుంచి తెచ్చిన పళ్ళపెట్టె మూత తీయగానే వరిగడ్డి వాసన గుప్పుమంది. కింద చిన్నరసం మామిడిపళ్ళున్నాయి. పళ్ళు పక్కన పెట్టి, ఆ గడ్డిని గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

మా చిన్నప్పుడు ఎండాకాలమంటే ఇల్లంతా ఆ వాసనే. వెనకగదిలో గడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి మాగేసేవాళ్ళు. ఆ తలుపు తీస్తే వెచ్చటి తీపి మొహానికి కొట్టేది. చీకిన టెంకలకు మొహాలు గీసి బొమ్మల పెళ్ళిళ్ళు చేసేవాళ్ళం, మోచేతుల దాకా కారిన రసానికి ఈగలు ముసిరేవి, నాయనమ్మ విసనకర్రతో ఈగల్నీ మమ్మల్నీ కలిపే తోలేది.

మామిడితోట నాన్నకీ బాబాయికీ ఉమ్మడి. చెట్లు ముసలివైపోయాయి, కొట్టించి పామాయిల్ వేద్దామని బాబాయి పట్టు. అమ్మకు ఆ చెట్లంటే ప్రాణం. ఈ ఒక్క ఏడాదీ ఆగు, తాండ్ర పోసి వీటి విలువేంటో చూపిస్తానని నాన్న మాటిచ్చాడు. తాండ్రకి ఒకటే నియమం: చాప మీద రసం పోసి ఎండనివ్వాలి, మర్నాడు దానిమీద మళ్ళీ పోయాలి, రోజు తప్పకూడదు. పొర మీద పొర పడి దళసరెక్కితేనే అది చాపని వదిలి లేస్తుంది.

నాన్న బుర్ర మాత్రం ఒకచోట నిలిచేది కాదు. పొద్దున తేనెటీగలు పెంచుదామనేవాడు, మధ్యాహ్నానికి ఒరుగులు, సాయంత్రానికి ఆవకాయ జాడీలు బెజవాడ పంపడం. చెబుతుంటే ఆయన కళ్ళు వెలిగిపోయేవి, మేము నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

"అన్నయ్య బుర్రలో కొట్లు బోలెడున్నాయి వదినా, ఒక్కదాంట్లోనూ కూర్చునే మనిషి లేడు" అని బాబాయి ఎకసెక్కమాడేవాడు.

రోహిణి కార్తెలో, చాపలు సగం పొరల్లో ఉండగా, విస్సన్నపేటలో ఎవరికో అంటుమొక్కలు కావాలని నాన్న చెవిన పడింది. తోటలో తను కట్టిన అంట్లున్నాయి, వాటి వేళ్ళ మట్టి చుట్టూ కట్టడానికి గడ్డి కావాలి. చేతికందేది కాయల మీది గడ్డే.

అమ్మ రసం చేతులతోనే గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఏవండీ, ముందీ చాపలు కానివ్వండి. ఆ తర్వాత ఏదైనా చేసుకోండి, నోరెత్తను."

"ఒక్క పూట పనేనే. కాయలెక్కడికి పారిపోతాయి?"

కాయల మీది గడ్డి మొత్తం తీసి మొక్కలు కట్టుకుని వెళ్ళాడు. వానలు పడకుండా ఎవరు నాటుతారయ్యా అని వాళ్ళు నవ్వి పంపేశారట. చాట్రాయిలోనైనా కొంటారేమోనని అటు తిరిగి, ఎండలో మొక్కలన్నీ వాడ్చుకుని నాలుగు రోజులకి వచ్చాడు. ఇక్కడ గడ్డి లేని కాయలు మాగకుండానే ముడతలు పడ్డాయి. మీద పోయడానికి రసం లేక, ఉన్న పల్చటి తాండ్ర కాగితంలా బిగుసుకుని చాపని పట్టేసింది. అమ్మ కత్తితో గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. బాబాయి వచ్చి చూశాడు, చెట్లు లెక్కపెట్టుకుంటూ తోటలోకి నడిచాడు. అది చూసి మాకు భయమేసింది.

తొలకరికి ముందే గొడ్డళ్ళొచ్చాయి.

ఆ తర్వాత నాన్న నూజివీడులో ఒక పళ్ళకొట్టులో కాటా దగ్గర కుదిరాడు. బతికినన్నాళ్ళూ ఆ ఒక్క పనే చేశాడు, నాగా పెట్టకుండా. అన్నాల దగ్గర అమ్మే ఆశగా అడిగేది, "ఏంటండీ, ఈమధ్య ఏమీ తట్టట్లేదా?" అని. ఆయన కంచంలోకి చూస్తూ మజ్జిగ కలుపుకునేవాడు.

ఇప్పుడు ఆ తోటలో పామాయిల్ చెట్లు వరసలు తీరి ఉన్నాయి. పచ్చగానే ఉంటుంది గానీ, రాలిన కాయ కోసం పరిగెత్తే పిల్లలు లేరు. మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి రోజుకో కొత్త ఆలోచన చెబుతుంది. ముందు ఒక్కటి పట్టుకోవే తల్లీ అంటాను, అనకుండా ఉండలేను. అనగానే అది మాట మార్చి, భోజనమైందా అమ్మా అంటుంది. అప్పుడు కంచంలోకి చూస్తూ మజ్జిగ కలుపుకునే నాన్నే కళ్ళముందు మెదులుతాడు.