జారిపోయే రెండో గేరు

నా చిన్నప్పుడు, ఒక వేసవంతా నర్సీపట్నంలోని మా ఇంటి వసారా కిరోసిన్ వాసన వేసింది. బడిపంతులైన మా చిన్నాన్న తన పాత జీపు గేరుబాక్సును దించి, గోనెపట్టా మీద విప్పి పెట్టుకున్నాడు. చింతపల్లి ఘాటు దిగేటప్పుడు ఆ జీపు రెండో గేరు దానంతటదే జారిపోయేది. పక్కన లోయ. సెలవులయ్యాక కొండమీది బడికి ఆయన మళ్లీ వెళ్లవలసింది ఆ దారినే.

అమ్మోరికి కోడిని కోయిస్తే గాని కొడుకును బండి ఎక్కనివ్వనంది మా నాయనమ్మ. దేవుడి పేరెత్తితే వాదానికి దిగే చిన్నాన్న, గేరును పట్టి ఉంచే స్ప్రింగు మెత్తబడిందనీ, కొత్తది వేస్తే చాలనీ తేల్చేశాడు. వేశాడు. అంతా బిగించి ఊరి బయట పల్లానికి తీసుకెళ్లాడు. నేనూ నాయనమ్మా రోడ్డు పక్కన నిలబడి చూస్తున్నాం. సగం దిగేసరికి గేరు టక్కున జారింది. బ్రేకు మీద నిలబడి బండి ఆపాడు.

"కోడంటే ఎటకారం సేసేవు కదరా. ఇప్పుడేటంటావు?" అంది నాయనమ్మ.

చిన్నాన్న బండిని వెనక్కి తిప్పాడు. ఇంటికొచ్చి గేరుబాక్సును మళ్లీ దించి, మళ్లీ విప్పాడు. రెండో గేరు నా చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని తడమమన్నాడు. తానేమీ చెప్పనన్నాడు. కొన్ని పళ్ల అంచులు వాడిన సబ్బుబిళ్లలా పట్టు లేకుండా గుండ్రంగా తగిలాయి.

"మొదటిసారి విప్పినప్పుడే ఇది సూసేనమ్మా," అన్నాడు నాయనమ్మతో. "కొత్త గేరంటే విశాఖపట్నమంతా తిరగాలి. దొరుకుతాదో లేదో. అందుకే తప్పు స్ప్రింగుదే అనుకున్నాను. నువ్వు కోడిని నమ్మేవు, నేను స్ప్రింగుని నమ్మేను."

నాయనమ్మ నవ్వలేదు. గేరు తీసుకుని తనూ తడిమింది. "అరిగిపోనాది పాపం," అంది, మనిషి గురించి అన్నట్టు.

తిరగ్గా తిరగ్గా కొత్త గేరు దొరికింది. ఈసారి అదే పల్లాన్ని ఆయన ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ చూపించాడు. చివరికి నాయనమ్మకే విసుగొచ్చింది. "సాల్లేరా, బేగి ఇంటికి పోనీ," అంటూ పక్క సీట్లో ఎక్కి కూర్చుంది.

పెద్దయ్యాక మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో నిప్పులు చెరిగాను. ఎదుటివాడి నమ్మకాన్ని తప్పుపట్టడం తేలిక. నా చేతికి సులువుగా అందిన జవాబును మాత్రం ఇప్పటికీ ఒక పూట పక్కన పెట్టి, ఇది నిజమా, లేక నా సౌకర్యమా అని అడుగుతాను. సౌకర్యమేనని తేలిన రోజులు తక్కువేం కాదు.