బాబాయి రుచి చూడని కోడి

ఆదివారం సాయంత్రం మా డాబా మీద కోడి కాలుతోందంటే వీధిలో చాలామందికి మా ఇంట్లో ఏదో ఒక పని గుర్తొస్తుంది. బట్టలు రేపు ఇస్తానన్న ఇస్త్రీ ఆయన ఇవాళే తెచ్చేస్తాడు. ఎప్పుడో పట్టుకెళ్ళిన నిచ్చెనను ఎదురింటి టీచరుగారు పనిగట్టుకుని మోసుకొస్తారు. వచ్చినవాళ్ళెవరూ ఊరికే తిరిగి వెళ్ళరు, వేళ్ళు నాక్కుంటూ మెట్లు దిగుతారు. ఆ కోడిలో ఒక్క ముక్క కూడా నోట పెట్టనివాడు ఒక్కడే ఉన్నాడు. దాన్ని కాల్చిన మా బాబాయి.

బాబాయి అంటే మా పిన్ని భర్త. సిటీ బస్సు డ్రైవరు. కింది వాటాలో వాళ్ళుంటారు, పై వాటాలో మేముంటాం, డాబా మాత్రం అందరిదీ. ఇంట్లో ఉన్నా ఆయనకి బస్సులో ఉన్నట్టే ఉంటుంది. నాన్న స్కూటరు వెనక కూర్చుంటే మలుపు మలుపుకీ కాలితో లేని బ్రేకు తొక్కుతాడు. భోజనాల దగ్గర “ముందుకు జరగండి, వెనక ఖాళీ ఉంది” అంటాడు. అద్దంలో ఎవరైనా పరిగెత్తుకు రావడం కనిపిస్తే మాత్రం బస్సు కదపడు. టైము తప్పిందని డిపోలో పై అధికారులు గొణుగుతారు, ఎక్కినవాళ్ళు దీవిస్తారు. గొణుగుడూ దీవెనా రెండూ ఆయనకి అలవాటే.

ఆయన మాంసం తినడని అనుకోకండి. పిన్ని వండిన కోడికూరైతే గిన్నె గీకి మరీ తింటాడు. డాబా మీద కాల్చే కోడితోనే పేచీ. ఎందుకంటే అది పొద్దున్నుంచీ బీరులో నానుతుంది.

డిపోలో బస్సెక్కే ముందు ప్రతి డ్రైవరూ ఒక గొట్టంలోకి ఊదాలి. తాగి వచ్చినవాడు ఊదితే మిషను కూస్తుంది. బాబాయి జన్మలో తాగలేదు కాబట్టి నిశ్చింతగానే ఉండేవాడు. అయితే ఒకసారి ఆయన స్నేహితుడు దగ్గుమందు తాగి వెళ్ళి ఊదాడు. మిషను కూసింది. ఆ పూటకి ఆయన్ని ఇంటికి పంపేశారు, పేరు నోటీసు బోర్డెక్కింది. మర్నాడు సంగతి తేలి పేరు తీసేశారు గానీ, డిపోలో ఇప్పటికీ ఆయన్ని దగ్గుమందు అనే పిలుస్తారు. ఇంట్లో భార్య కూడా ఒకసారి నోరు జారిందట.

అది చూశాక బాబాయికి భయం పట్టుకుంది. రిటైర్మెంటు దగ్గర పడింది. ఇంత సర్వీసులో ఆయన బస్సుకి గీత పడలేదు, ఆయన పేరుకీ పడలేదు. ఒక్క మచ్చ లేకుండా స్టీరింగు దిగాలి, అదొక్కటే ఆయన కోరిక. ఆదివారం ఆయనకి సెలవు, నిజమే. కానీ సోమవారం తెల్లవారుజామున డిపోలోంచి బయటికొచ్చే మొదటి బస్సు ఆయనదే.

“మంట మీద పడ్డాక బీరులో మత్తంతా ఎగిరిపోతుంది బాబాయ్. మిగిలేది రుచే” అని నేను చాలాసార్లు చెప్పాను.

“ఆ సంగతి నాకు చెప్తే ఏం లాభమే? వెళ్ళి మిషనుకి చెప్పు” అంటాడు.

మరి తాగని మనిషి కోడికి బీరు ఎలా తగులుకుందంటే, అదంతా మా నాన్న పుణ్యం. నాన్నా బాబాయీ తోడల్లుళ్ళు. ఒక ఎండాకాలం సెలవు రోజున నాన్న ఒక బీరు సీసా తెచ్చి పిన్ని ఫ్రిజ్‌లో పెట్టాడు. మా ఫ్రిజ్‌లో పెడితే అమ్మ చూస్తుందని ఆయన తెలివి. పిన్ని చూస్తే ఏమవుతుందో ఆయనకి తట్టలేదు. పిన్ని చూసింది. మూత తీసి, మసాలా పట్టించి ఉంచిన కోడి మీద సీసా మొత్తం గుమ్మరించేసింది. “మీ బీరు ఇందులో ఉంది బావగారూ, కావాలంటే ఏరుకోండి” అంది. నాన్న మొహం మాడిపోయింది. సాయంత్రం కోడి కాలాక ఆ మొహమే వెలిగింది. ముక్క ఎముక నుంచి అడక్కుండానే ఊడి వచ్చింది, పైన కాస్త తీపి తగిలి ఎర్రగా కాలింది. ఆ రోజు నుంచి సీసా తేవడం నాన్న పని, కాల్చడం బాబాయి పని.

బాబాయి ఆ సీసా వంచడం చూసి తీరాలి. దాన్ని పాత పేపర్లో చుట్టి మెడ పట్టుకుంటాడు. మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి బారుగా చాపి, ఊపిరి బిగబట్టి ఒంపుతాడు. తర్వాత మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటాడు. దానికి ముందు చెయ్యాల్సిందంతా మాత్రం ఓపిగ్గా చేస్తాడు. ముక్కలకి గాట్లు పెడతాడు. అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాల పొడి, కారం, నూనె, ఓ చెంచా బెల్లం పొడి కలిపి ఆ గాట్లలోకి పోయేలా పట్టిస్తాడు. ముక్కలు మునిగీ మునగకుండా బీరు పోసి, పళ్ళెంతో మూసి ఫ్రిజ్‌లోకి తోస్తాడు. సాయంత్రం ముక్కలు తీసేశాక మిగిలిన రసాన్ని చిక్కబడేదాకా మరగబెట్టి, కాలుతున్న ముక్కలకి కొత్త పెయింటు బ్రష్షుతో పూస్తాడు.

పొయ్యి డిపో వెల్డరు చేసిచ్చింది. పాత డ్రమ్మును నిలువునా కోసి కాళ్ళు పెట్టాడు. దాని మీద ముక్కల్ని బాబాయి బస్సులో జనాన్ని సర్దినట్టు సర్దుతాడు. తొడలు ముందు సీట్లలో, నిప్పు ఎక్కువగా ఉన్నచోట. రెక్కలు కిటికీల పక్కన. మధ్యలో మనం ఇంకో ముక్క పెట్టబోతే పట్టకారు అడ్డం పెడతాడు. “స్టాండింగ్ లేదు. దిగాక ఎక్కించు” అంటాడు. ముక్క తిప్పే ముందు అటూ ఇటూ చూసి మరీ తిప్పుతాడు, డాబా మీదికి ఏ బండి వస్తుందో మరి.

ముక్కలు దిగాకే ఆయనకి అసలు పరీక్ష. తను తినడు కాబట్టి మా మొహాలు చూసే రుచి తెలుసుకోవాలి. పట్టకారు పట్టుకుని నిలబడి, మేం మొదటి ముక్క నమిలేదాకా ఆగి అడుగుతాడు.

“ఎలా ఉంది?”

“అద్భుతం” అంటాం అందరం ఒక్క గొంతుతో.

అందులో కాస్త మోసం ఉంది. ఆ కోడిలో ఉప్పు ఉండదు.

ఉప్పు సంగతి బాబాయి డిపో క్యాంటీన్ వంటాయన్ని అడిగాడు. “రెండు కోళ్ళకి ఓ చిటికెడు పడెయ్” అన్నాడాయన. ఆ వంటాయన చెయ్యి చేటంత ఉంటుంది. ఆయన చిటికెడంటే మనకి గుప్పెడు. బాబాయివేమో సన్నటి వేళ్ళు. పైగా ఎక్కువైతే తీయలేమన్న భయంతో, పట్టినదాంట్లో సగం మళ్ళీ డబ్బాలోకే రాలుస్తాడు. రుచి చూసి సరిచేసుకునే దారి ఎలాగూ లేదు. మొదట్లో ఒకసారి నేను చెప్పబోతే పిన్ని నా కాలు తొక్కింది. ఆ తర్వాతి వారం నుంచి డాబా మీదికి ఒక గిన్నె రావడం మొదలైంది. “నిమ్మరసం పడితే ఇంకా బావుంటుంది” అంటూ ప్రతి పళ్ళెంలోనూ పిన్నే చల్లుతుంది. ఆ గిన్నెలో నిమ్మరసం కంటే ఉప్పే ఎక్కువ. సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఇస్త్రీ ఆయనకి కూడా తెలుసు. బాబాయికే తెలీదు.

ఇంత కట్టుదిట్టాన్నీ మా అమ్మమ్మ ఒక్క చేత్తో చెడగొట్టింది. ఆవిడ కంటి ఆపరేషను చేయించుకుని మా ఇంట్లో ఉండడానికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడొచ్చినా, చూపు ఆనదని మెట్ల జోలికి వెళ్ళేది కాదు. ఇప్పుడు చూపు వచ్చింది కదా, ఇంట్లో ప్రతి మూలా చూస్తేగానీ నిద్రపట్టేలా లేదు. ఆ ఆదివారం నేనూ అమ్మా చెరో రెక్కా పట్టుకుని డాబా ఎక్కించి, పొయ్యి పక్కన కుర్చీ వేశాం.

కొత్త కళ్ళతో అమ్మమ్మ మొదట చూసింది ఏమిటంటే, అందరి చేతుల్లోనూ పళ్ళేలున్నాయి, అల్లుడి చేతిలో లేదు. ఆవిడ మనసు చివుక్కుమంది. అప్పుడే దించిన ముక్క ఒకటి తీసుకుని, ఊదుకుంటూ రెండుగా తుంచింది.

“అందరికీ పెట్టడమేనా బాబూ, మీరు తినేదేమైనా ఉందా?”

జవాబు చెబుదామని బాబాయి నోరు తెరిచాడు. అదే ఆయన చేసిన పొరపాటు. ముక్క లోపలికి వెళ్ళిపోయింది.

అత్తగారు స్వయంగా నోట్లో పెట్టిన ముక్క. ఊసేస్తే ఆవిడ ఏమనుకుంటుంది? మింగితే మిషను ఏమంటుంది? బాబాయి కళ్ళు ఇంతలేసి చేసుకుని పిన్ని వైపు చూశాడు. పిన్ని గిన్నె పట్టుకుని కొయ్యబారిపోయింది. ముక్క ఆయన బుగ్గలో ఎర్ర లైటు దగ్గర బస్సులా కాసేపు ఆగింది. చివరికి మాత్ర మింగినట్టు మింగేశాడు.

అమ్మమ్మ మిగతా సగం తన నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలింది. “మెత్తగా ఉంది బాబూ. ఉప్పు వెయ్యడం మర్చిపోయినట్టున్నారు” అంది.

డాబా మీద అందరం పళ్ళేల్లోకి తలలు దించుకున్నాం. ఆ మాట చెవిన పడుతుండగానే బాబాయి మెట్లు దిగి, కుళాయి దగ్గరికి పరిగెత్తి పుక్కిలించాడు.

మర్నాడు డిపోలో జరిగింది దగ్గుమందు గారు చెప్పగా విన్నదే. బాబాయి చిగుళ్ళు అరిగేలా పళ్ళు తోముకుని, నోట్లో లవంగాలు వేసుకుని వెళ్ళాడు. వరుసలో తన వంతు వచ్చినప్పుడల్లా వెనకాయన్ని ముందుకి తోశాడు. “నువ్వు కానీ, నాకు తొందర్లేదు” అన్నాడట, మొదటి బస్సు తనదే అయివుండి. ఇక వెనక ఎవరూ మిగల్లేదు. కంట్రోలరు గొట్టం చేతికిచ్చాడు. బాబాయి ఊదకుండా ముందే ఒప్పేసుకున్నాడు.

“సార్, నిన్న కోడి ముక్క తిన్నాను. బీరులో నానింది. మా అత్తగారు పెట్టారు.”

“ముందు ఊదవయ్యా” అన్నాడు కంట్రోలరు.

ఊదాడు. సున్నా చూపించింది. నమ్మకం కుదరక మళ్ళీ ఊదుతానన్నాడు. మళ్ళీ సున్నాయే. “అలా కాల్చిన కోడిని పట్టుకునేదైతే ఈ మిషను ముందు నన్ను పట్టుకోవాలి. ఆదివారం మా ఇంట్లోనూ అదే” అని కంట్రోలరు నవ్వాడట.

మధ్యాహ్నం డ్యూటీ దిగి బాబాయి ఎగురుకుంటూ వస్తాడనుకున్నాం. ఆయన వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. బూట్లు కూడా విప్పకుండా పిన్నిని పిలిచాడు.

“నిన్న అత్తయ్యగారు ఉప్పు లేదన్నారు. నిజమేనా?”

పిన్ని కొంగుతో చెయ్యి తుడుచుకుంది. “నిజమే.”

“నిన్నొక్కరోజేనా?”

“ఎప్పుడూ అంతే.”

“మరి అందరూ అద్భుతం అంటారు?”

“నిమ్మరసంలో ఉప్పు కలిపి నేనే చల్లుతున్నాను.” ఆయన మొహం చూసేసరికి పిన్ని గొంతు మెత్తబడింది. “పొద్దున్నుంచీ చాకిరీ చేసి, ఒక్క ముక్క తినకుండా మా అందరికీ పెడతారు. అలాంటి మనిషికి ఉప్పు లేదని ఏ నోటితో చెప్పమంటారు?”

బాబాయి వంగి బూట్ల లేసులు విప్పుకోసాగాడు. పై మెట్టు మీద నిలబడి వింటున్న నాకు చాలా జాలేసింది. ఆయన భయపడ్డ మిషను ఏమీ అనలేదు, నమ్ముకున్న మేమేమో ఇన్నాళ్ళూ నమ్మించాం. ఆ వారమంతా ఆయన ముభావంగా ఉన్నాడు. పిన్ని ఒకటి రెండుసార్లు కదిపి చూసి ఊరుకుంది.

ఆదివారం వచ్చింది. ఈసారి పొయ్యి వెలగదనే అనుకున్నాం. కానీ బాబాయి పొద్దున్నే గిన్నె తీసి, వంటింటి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. పిన్నిని కూడా రానివ్వలేదు. మంచినీళ్ళ వంకతో తొంగిచూసిన నాకు మాత్రం దొరికిపోయాడు. చిటికెడు మానేసి, ఉప్పు చెంచాతో కొలిచి వేస్తున్నాడు. సాయంత్రం రసం మరిగాక ఓ చుక్క అరచేతిలో వేసుకుని, కళ్ళు మూసుకుని నాలుకకి రాసుకున్నాడు. కాసేపు ఆగి తనలో తనే తలూపాడు. ఎవరికీ చెప్పొద్దని నాకు సైగ చేశాడు.

అదే వేళకి పై వాటాలో, మా వంటింట్లో పిన్ని నిమ్మకాయలు పిండుతోందని నాకు తెలీదు. “ఇవాళ తనూ మనతో తింటానన్నారక్కా ఈయన. చప్పగా ఉంటే మనసు విరిగిపోతుంది” అని అమ్మతో చెప్పి, ఎప్పుడూ కలిపేదానికంటే ఇంకాస్త ఎక్కువే కలిపిందట.

డాబా మీద ఆ రోజు బాబాయికి కుర్చీ వేశాం. పట్టకారు నాన్న తీసుకున్నాడు. పిన్ని మొదటి పళ్ళెం బాబాయికి ఇచ్చింది, పైన ధారాళంగా నిమ్మరసం చల్లి. బాబాయి ముక్క కొరికాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం సంతోషం పట్టలేకపోతున్నాడని నేను కూడా కరిగిపోయి, నా ముక్క కొరికాను. నాకూ తిరిగాయి. అది కోడి కాదు, ఉప్పుగల్లు.

పిన్ని ఇంకా తినలేదు. గిన్నె పట్టుకుని, ఇన్నాళ్ళూ ఆయన నిలబడిన చోటే నిలబడి ఆయన మొహంలోకే చూస్తోంది.

“ఎలా ఉంది?” అంది.

బాబాయి నమలడం ఆపాడు. పిన్ని చేతిలోని గిన్నె వంక చూశాడు, తర్వాత పిన్ని వంక చూశాడు. ఈలోగా అమ్మమ్మ “బాబూ, ఈసారి ఉప్పు” అంటూ మొదలుపెట్టింది.

“అత్తయ్యగారూ, ముందు మంచినీళ్ళు తాగండి” అని గ్లాసు ఆవిడ చేతిలో పెట్టాడు.

పిన్ని వైపు తిరిగి “అద్భుతం” అన్నాడు. పళ్ళెం చాపి ఇంకో ముక్క వేయించుకున్నాడు. దాని మీద నిమ్మరసం కూడా.